మీట వదిలితేనే మాట వినిపిస్తుంది

కేరీ, నార్త్ కరోలినా
2025 జూన్ 8

చిరంజీవి చిన్నికి,

ఈ ఉత్తరంతో పాటు అట్టపెట్టెలో రెండు వాకీటాకీలు పంపుతున్నాను. వచ్చే నెల స్నేహితులతో కొండల్లో క్యాంపుకి వెళ్తున్నానని, అక్కడ సెల్ సిగ్నల్ అందదని మొన్న ఫోనులో చెప్పావు. "వాకీటాకీలో నేర్చుకోవడానికి ఏముంది తాతయ్యా, మీట నొక్కి మాట్లాడటమేగా!" అని కూడా అన్నావు. పోలీసు వైర్‌లెస్‌లో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కదా, ఆ మాట విని ఊరుకోలేకపోయాను. ఫోనులో చెబితే గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

మీట నొక్కడం ఎవరికైనా వస్తుంది. వదలడమే నేర్చుకోవాలి. ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. వాకీటాకీలో మీట నొక్కిన క్షణం నీ సెట్టుకి చెవి మూసుకుపోతుంది. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ అవతల ఎవరు కేక పెట్టినా నీకు వినపడదు. ఆ ఛానెల్లో పదిమంది ఉంటే, నీ ఒక్కదాని వేలు తొమ్మిదిమంది నోళ్లు కట్టేస్తుంది.

ఇది నాకు తెలిసి కూడా ఒకసారి తప్పు చేశాను. మూడేళ్ల కిందట ఇక్కడి గుడిలో పండగరోజు పార్కింగు దగ్గర వాలంటీర్లకు సెట్లు పంచాం. నాది కోటు జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. జేబులో మీట నొక్కుకుపోయింది. అదే సమయానికి ఒక పిల్లవాడు జనంలో తప్పిపోయాడు. వాడు దొరికాడని గేటు దగ్గరివాళ్లు చెప్పబోతే, అందరి సెట్లలోనూ నా కోటు గుడ్డ రాపిడి తప్ప మరేం వినపడలేదు. ఆ పది నిమిషాలు ఆ తల్లి పడిన బాధకు కారణం నేనే. ఆ రోజు నుంచి సెట్టుని నడుముకి క్లిప్పుతో, మీట బయటికి కనిపించేలా పెట్టుకుంటాను. కొన్ని సెట్లలో ఇంతసేపు దాటితే ప్రసారం దానంతటదే ఆగిపోయే టైమౌట్ ఏర్పాటు ఉంటుంది. ఉంటే దాన్ని తప్పకుండా పెట్టుకో.

ఇక మాట్లాడే పద్ధతి. ముందు కాసేపు విను, ఛానెల్ ఖాళీగా ఉందా అని. మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నోరు తెరువు. నొక్కుతూనే మాట్లాడితే మొదటి అక్షరం తెగిపోతుంది. "రావద్దు" అన్న మాటలో మొదలు తెగినా చివర తెగినా ఏమవుతుందో నువ్వే ఆలోచించు. మైకు పెదవులకి రెండు మూడు అంగుళాల దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. అరవకు. అరిస్తే మాట పగులుతుందే తప్ప దూరం పోదు. ముందు పిలిచేవాళ్ల పేరు, తరువాత నీ పేరు, ఆపైన విషయం. "ఓవర్" అంటే నా మాట అయింది, ఇక నీ వంతు అని. "అవుట్" అంటే సంభాషణే ముగిసిందని. మన పేర్లు అమెరికా చెవులకి ఒక పట్టాన పట్టవు కాబట్టి, ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ నీ పేరు అక్షరం అక్షరం చెప్పడం ఇప్పుడే సాధన చెయ్యి.

పెట్టె మీద 35 మైళ్లని రాసి ఉంటుంది. అది కొండ శిఖరం మీద ఒకరు, కింద మైదానంలో ఇంకొకరు, మధ్యలో అడ్డం ఏమీ లేనప్పటి లెక్క. ఈ తరంగాలు ఇంచుమించు మన చూపు లాగే తిన్నగా పోతాయి. అయిదడుగుల ఎత్తు నుంచి చూస్తే నేల అంచు మూడు మైళ్లలోపే కనిపిస్తుంది. చెట్లూ ఇళ్లూ ఉన్నచోట ఒక మైలు అందితే మంచి సెట్టే. అడవిలో మాట అందకపోతే శక్తి ఎక్కువున్న సెట్టు కోసం చూడకు, గుట్ట ఎక్కు. రెండు వాట్లని నాలుగు చేస్తే అవతలివాళ్లకి తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. పది అడుగులు పైకెక్కితే ఒక్కోసారి లేని మాట పుట్టుకొస్తుంది.

నీకు పంపినవి ఎఫ్‌ఆర్‌ఎస్, అంటే ఫ్యామిలీ రేడియో సర్వీస్ సెట్లు. ఈ దేశంలో వీటికి లైసెన్సు అక్కర్లేదు. 1996లో మొదలైన ఈ సర్వీసు నియమాలను ఇక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2017లో మార్చింది. ఇప్పుడు 22 ఛానెళ్లు ఉన్నాయి. 8 నుంచి 14 వరకు అర వాటు, మిగతావాటిలో రెండు వాట్ల దాకా. యాంటెన్నాని ఊడదీయడానికి వీల్లేకుండా ఉండటం కూడా నియమమే. ఆ ఛానెళ్లనే వాడుకునే జీఎంఆర్‌ఎస్ అనే ఇంకో సర్వీసుకి మాత్రం లైసెన్సు కావాలి. పరీక్ష లేదు. 35 డాలర్లు కడితే పదేళ్లు నడుస్తుంది. అది 18 ఏళ్లు నిండినవారి పేరు మీదే ఇస్తారు గాని, దాని కింద కుటుంబమంతా మాట్లాడవచ్చు. భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, తాతలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, మేనత్తలు, అత్తింటివాళ్లు అని ఆ నియమంలో వరసలన్నీ రాశారు. కుటుంబమంటే నలుగురే కాదని ఇక్కడి చట్టం ఒప్పుకున్న చోటు ఇది, నాకెంతో ఇష్టమైన నియమం. నా పేరు మీద లైసెన్సు తీసుకున్నాను. నువ్వు అందులో ఉన్నావు.

ఒక్క హెచ్చరిక. సెట్టులో "ప్రైవసీ కోడ్" అని ఉంటుంది. పేరు చూసి మోసపోకు. అది ఇతరుల మాటలు నీకు వినపడకుండా చేస్తుంది, నీ మాటలు ఇతరులకి వినపడకుండా చెయ్యదు. ఇంటి చిరునామా, ఎవరూ లేని వేళలు ఎన్నడూ గాలిలో చెప్పకు.

దసరాకి ఆయుధపూజలో మీ నాన్న కారుకి, అమ్మమ్మ కుట్టుమిషనుకి, నేను సెట్లకి బొట్టు పెడతాం. కానీ పనిముట్టుకి అసలు పూజ నెలనెలా తుడవడం. నేను ప్రతి పౌర్ణమికీ సెట్లు బయటికి తీస్తాను. నువ్వూ ఒక రోజు పెట్టుకో.

మొదట బ్యాటరీ. లిథియం బ్యాటరీ నిండాక చార్జరు మీదే రోజుల తరబడి వదలకు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో, చల్లని చోట దాచు. ఎండలో నిలిపిన కారులో పెట్టకు, ఆ వేడి దాని ఆయువు తినేస్తుంది. చలికాలం కొండల మీద బ్యాటరీ బలం తగ్గిపోతుంది కాబట్టి రెండో బ్యాటరీని కోటు లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచుకో. ఉబ్బిన బ్యాటరీని పొడవకు, నొక్కకు, చెత్తబుట్టలో వెయ్యకు, రీసైక్లింగుకి ఇచ్చెయ్యి. మామూలు పెన్సిల్ సెల్స్ వేసే సెట్టయితే, దాచేముందు సెల్స్ తీసెయ్యి. అవి కారితే లోహపు రేకుల మీద తెల్లటి, పచ్చటి చిలుము పేరుకుంటుంది. వెనిగర్ తడిపిన దూదిపుల్లతో దాన్ని కరిగించి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్లీ సెల్స్ వెయ్యి.

తరువాత యాంటెన్నా. దాన్ని పట్టుకుని సెట్టు ఎత్తకు. విప్పి బిగించే రకమైతే చేతి బలంతో ఆగేదాకా తిప్పు, అంతే. యాంటెన్నా లేకుండా ఎన్నడూ మీట నొక్కకు. బయటికి పోవలసిన శక్తి వెనక్కి తిరిగి సెట్టు లోపలి భాగాలనే కాల్చేయవచ్చు. యాంటెన్నా పొడవుకి ఒక లెక్కుంది. తరంగం పొడవులో నాలుగోవంతు. హ్యామ్‌ల, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియో నడిపేవాళ్ల, రెండు మీటర్ల బ్యాండుకి అది దాదాపు 50 సెంటీమీటర్లు, అంటే మూరకి కాస్త పైన. నీ ఎఫ్‌ఆర్‌ఎస్‌కి 16 సెంటీమీటర్లు, జానెడైనా లేదు. మైకు సందుల్లో దుమ్ము మెత్తని బ్రష్‌తో దులుపు. పక్కన ఉండే రబ్బరు మూత ఊడి ఉంటే నీళ్లు పోయేది అక్కడినుంచే.

ఇదంతా ఎందుకింత పట్టుగా చెబుతున్నానో చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. వేలమంది పోయారు. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఏ ఊరి కబురు ఏ ఊరికీ అందలేదు. బతికున్నవాళ్లు కూడా బతికున్నామని చెప్పలేకపోయారు. నేను వైర్‌లెస్‌లో చేరింది అందుకే. తీగ లేకుండా మాట పోతుందన్న సంగతి అప్పుడు నాకు దేవుడి మాటలా తోచింది.

పోయిన సెప్టెంబరులో అదే మళ్లీ ఇక్కడ నార్త్ కరోలినాలో చూశాను. 26వ తేదీ రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్ తుపాను, మర్నాటికి ఆష్‌విల్ చుట్టుపక్కల కొండలని ముంచింది. రోడ్లు కొట్టుకుపోయాయి, కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. అప్పుడు మౌంట్ మిచెల్ మీది హ్యామ్ రిపీటర్ పనిచేస్తూనే ఉంది. మిసిసిపీ నదికి తూర్పున అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు, 6,684 అడుగులు. రిపీటరంటే ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే మాటను వెంటనే ఇంకో ఫ్రీక్వెన్సీలో ఎక్కువ బలంతో పలికే సెట్టు. కిందిలోయలో ఒక చిన్న చేతి సెట్టు మాట ఆ శిఖరానికి అందితే చాలు, చుట్టూ ఎన్నో కౌంటీలకి వినిపిస్తుంది. 145.190 మెగాహెర్ట్జ్ మీద మందులు కావలసినవాళ్లు, తమవాళ్ల క్షేమం కోసం అల్లాడేవాళ్లు వంతులవారీగా మాట్లాడారు. చిన్నీ, ఒకే ఒక్క ఛానెల్ అందరికీ సరిపోయింది ఎందుకో తెలుసా? ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు మీట మీద వేలు పెట్టకుండా కాచుకున్నారు. ఆ మౌనమే సాయం అడిగేవాళ్లకి దారి ఇచ్చింది.

నీకూ హ్యామ్ లైసెన్సు రావాలని నా కోరిక. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్ష. 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. వయసు నియమం లేదు, పౌరసత్వం అక్కర్లేదు. మోర్స్ కోడ్ పరీక్షని 2007లోనే పూర్తిగా తీసేశారు. నేను అరవై దాటాక రాశాను, నువ్వు పదిహేనులో రాయగలవు. వినడానికైతే ఏ లైసెన్సూ వద్దు. ఈ వారం ఒక సాయంత్రం మీ నాన్న దగ్గరున్న నా పాత సెట్టులో మీ ఊరి రిపీటర్ పెట్టుకుని గంటసేపు విను. ఎవరు ఎప్పుడు మాట్లాడారో, ఎవరు ఎవరికి దారి ఇచ్చారో రాసి నాకు పంపు. అదే నీ మొదటి పాఠం.

ఇంకొక్క మాట. ఇక్కడ హ్యామ్ రేడియోలో ఏ భాషలోనైనా మాట్లాడుకోవచ్చు. లైసెన్సుతో పాటు ఇచ్చే పిలుపు గుర్తు, అంటే కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో, పది నిమిషాలకోసారీ చివరా చెప్పాలి. దసరాకి నీకు కాల్‌సైన్ వచ్చి ఉంటే, లేక్ క్రాబ్‌ట్రీ గట్టుకి ఆ వైపు నువ్వు నిలబడు, ఈ వైపు నేను. నన్ను తెలుగులోనే పిలువు. నేను మీట ముట్టుకోను. నీ మాట పూర్తయ్యేదాకా వింటాను.

నీ
తాతయ్య