కొయ్య బ్యాటు కొనవలెనా, లోహపు బ్యాటు కొనవలెనా?

పీర్జాదిగూడ ఒకప్పుడు గ్రామ పంచాయతీ. వరంగల్లు పోవు రాజమార్గమున ఉప్పలు దాటిన పిమ్మట వచ్చు ఊరు. హైదరాబాదు నగరము తూర్పునకు పెరిగి, ఉప్పలును, నాచారమును, అటుపిమ్మట ఈ ఊరిని తనలో కలుపుకొన్నది. చేలుండిన చోట కాలనీలు వెలసినవి. పిల్లలు బంతియాట ఆడుకొను బీళ్లు ఇండ్ల స్థలములైనవి. నగరపు అంచునకు చేరువగుచున్న ప్రతి పల్లెకును ఈ మార్పు వచ్చునదే. కావున మిగిలిన కొద్దిపాటి ఆటస్థలమున పిల్లల చేతికి ఏ సామగ్రి ఈయవలెనను ప్రశ్న పంచాయతీ సభ్యులకు చిన్నది కాదు. అందొక భాగమును మాత్రమే ఈ వ్యాసమున తీసికొందము: బంతిని కొట్టు బ్యాటు కొయ్యదై యుండవలెనా, లోహముదై యుండవలెనా?

క్రికెట్టు విషయమున ఈ చర్చకు తావు లేదు. ఉప్పలులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానమున 2009 నవంబరులో సచిన్ టెండూల్కర్ ఆస్ట్రేలియాపై 175 పరుగులు చేసినను, 2023 జనవరిలో శుభ్‌మన్ గిల్ న్యూజిలాండుపై 208 పరుగులు చేసినను, వారి బ్యాటు పలక కొయ్యదే. నియమము అట్లున్నది. ఆ నియమము స్పష్టముగా వచ్చుటకు ఒక కారణము కలదు. 1979 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున ఇంగ్లండుతో జరిగిన టెస్టుపోటీలో డెన్నిస్ లిల్లీ అల్యూమినియము బ్యాటుతో ఆటకు దిగెను. ఆ బ్యాటు బంతిని చెరచుచున్నదని ఇంగ్లండు నాయకుడు మైక్ బ్రియర్లీ అభ్యంతరము చెప్పెను. వాదోపవాదముల పిమ్మట లిల్లీ ఆ బ్యాటును మైదానమున విసరివైచి, కొయ్యది తీసికొనెను. అటుపిమ్మట బ్యాటు పలక కొయ్యతోనే చేయబడవలెనని నిబంధన వ్రాసిరి. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు వెదురు పేళ్లను అతికి బ్యాటు చేసి చూపినప్పుడు సైతము, వెదురు గడ్డిజాతిది గనుక అది కొయ్య క్రిందికి రాదను చిక్కు వచ్చినది.

బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆటల స్థితి వేరు. ఈ రెండును మన దేశపు పాఠశాల క్రీడలలో చేరియున్నవి. వీటిని ఎరుగని సభ్యులుండవచ్చును. మన చిర్రగోనెను తలచుకొన్నచో చాలును. అందు కొట్టబడునది కొయ్యముక్క, ఇందు బంతి. చేతనుండునది మాత్రము గుండ్రని కర్రయే. ఆ కర్రను పల్లెలో తుమ్మకొమ్మనో వేపకొమ్మనో నరికి పిల్లలే చేసికొందురు. బేస్‌బాల్ బ్యాటును కొనవలసి యుండును. కొనబోయినప్పుడు అంగడివాడు రెండును చూపును. లోహపుది మెరయుచుండును, ఏండ్లకొలది మన్నునని అతడు చెప్పును. కొయ్యది ఒక్కపోటీలోనే విరుగవచ్చును. లెక్క చూచుకొను పంచాయతీ సహజముగా లోహపుదానివైపే మొగ్గును. అయితే ధర ఒక్కటే చూచి తీర్మానము చేయరాదు.

లోహపు బ్యాటు నిజమునకు ఒక గొట్టము. మన హైదరాబాదులోనే 1971లో స్థాపింపబడిన అణు ఇంధన సముదాయమున అతుకులేని గొట్టములను తీయుదురు గదా! పని వేరైనను, అట్టి అతుకులేని అల్యూమినియము గొట్టమునే ఒకవైపు సన్నముగా నొక్కి పిడిగా మలచుదురు. లోపల బోలు. ఈ బోలుతనము నుండియే దాని మేలును, కీడును పుట్టుచున్నవి.

బంతి బ్యాటును తాకియుండు కాలము సెకనులో వెయ్యవవంతు కంటె తక్కువ. ఆ క్షణములో గట్టి కొయ్యకు తగిలిన బంతి తానే నలిగి చదునగును. అట్లు నలుగుటలో దాని శక్తి చాలవరకు వేడిమిగా వ్యర్థమగును. పలుచని లోహపు గోడకు తగిలినప్పుడు గోడయు కొంత లోనికి పోయి, తిరిగి బయటకు తన్నును. బంతి తక్కువగా నలుగును, శక్తి తక్కువగా పోవును. బాగుగా బిగించిన నులకమంచము పిల్లవానిని పైకి ఎగురవేయుటకును, బండరాయి ఎగురవేయకుండుటకును ఉన్న భేదమే ఇది. దీనికి తోడు, బోలు బ్యాటునకు చివర బరువు తక్కువ. గొడ్డలిని పిడి కొనయందు పట్టి ఆడించుట కంటె తలకు దగ్గరగా పట్టి ఆడించుట తేలిక యని ఎరుగని రైతు లేడు. బరువు చేతికి దగ్గరైన కొలది బ్యాటును వేగముగా త్రిప్పవచ్చును. ఈ రెండు కారణములచే నియమము లేని లోహపు బ్యాటునుండి బంతి హెచ్చు వేగముతో వెడలును.

ఆ వేగము ఎవరిమీదికి పోవుచున్నది? బేస్‌బాల్‌లో బంతి విసరువాడు బ్యాటు పట్టినవానికి 60 అడుగుల 6 అంగుళముల దూరమున నుండును. విసరిన ఊపున ముందునకు అడుగువేసిన పిమ్మట ఆ దూరము 55 అడుగులకు దిగును. గంటకు 150 కిలోమీటర్ల వేగముతో తిరిగి వచ్చు బంతి ఆ దూరమును సెకనులో పదింట నాలుగు వంతుల కాలమున దాటును. చేయి ఎత్తుటకే చాలని కాలమది. చిన్నపిల్లలను ఇంకను దగ్గరగా నిలుపుదురు.

అందుచేతనే లోహపు బ్యాటు పుట్టిన దేశముననే దానికి కళ్లెము వేయవలసి వచ్చెను. అమెరికా కళాశాలల ఆటలలో 1974 నుండి అల్యూమినియము బ్యాటునకు అనుమతి యుండెను. వృత్తి ఆటగాండ్ర ప్రధాన లీగులలో మాత్రము నేటికిని ఒకే కొయ్యముక్కతో చేసిన బ్యాటు తప్ప వేరొకటి చెల్లదు. 2007లో న్యూయార్కు నగరపాలక మండలి ఉన్నత పాఠశాలల పోటీలలో లోహపు బ్యాట్లను నిషేధించెను. 2011లో కళాశాలలకును, మరుసటి యేడు ఉన్నత పాఠశాలలకును బీబీకార్ అను కొలత వచ్చినది. బంతి బ్యాటునుండి ఎంత ఊపుతో తిరిగి లేచునో దానిచే కొలుతురు. ఆ అంకె 0.50 దాటరాదు. ఇంచుమించు మంచి కొయ్య బ్యాటు ఇచ్చునంతయే లోహపుది కూడ ఈయవలెనని దీని భావము. జపానులో హైస్కూలు ఆటలలో 1974 నుండి లోహపు బ్యాటు వాడుకలో నున్నది. 2019లో జాతీయ పోటీలో బంతి విసరు విద్యార్థి ముఖమునకు దెబ్బ తగిలెను. ఇట్టి ప్రమాదముల తరువాత, 2024 నుండి బ్యాటు లావును 67 మిల్లీమీటర్లనుండి 64కు తగ్గించి, గోడ మందమును సుమారు 3 మిల్లీమీటర్లనుండి 4 మిల్లీమీటర్లకు పెంచిరి. గోడ మందమైనచో నులకమంచము బండరాయికి దగ్గరగును.

ఇట్లనుటచే కొయ్యది నిరపాయకరమని తలపరాదు. విరిగిన కొయ్య బ్యాటు ముక్క ఈటెవలె ఎగురును. పూర్వము అమెరికాలో యాష్ అను చెట్టు కలపతోనే బ్యాట్లు చేసెడివారు. 2001లో మేపుల్ కలప బ్యాటుతో బారీ బాండ్స్ ఒకే యేట 73 హోమ్‌రన్లు కొట్టిన పిమ్మట అందరును మేపుల్ వెంటబడిరి. యాష్ విరుగకముందు పొరలుగా లేచి హెచ్చరించును. మేపుల్ అట్టి హెచ్చరిక లేకయే రెండు ముక్కలగును. 2008లో విరిగిన బ్యాట్లను ప్రోగుచేసి, అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలవారి సాయముతో పరీక్షించిరి. అందు తేలిన ముఖ్య కారణము మన వడ్రంగికి వింతగా తోచదు. కొయ్యనార పిడి పొడుగునకు సమముగా పోక ఏటవాలుగా పోయినచో ఆ బ్యాటు అచ్చటనే విరుగును. నార వాలు 3 డిగ్రీలు మించరాదని నియమించిరి. మేపుల్ నార కంటికి సరిగా ఆనదు గనుక పిడిపై సిరాబొట్టు పెట్టి, అది ప్రాకిన దారిని చూతురు. ఈ పరీక్షకు యంత్రమక్కరలేదు. కొయ్య బ్యాటు కొనబోవు పంచాయతీ, ఊరి వడ్రంగిని వెంట తీసికొనిపోయినచో చాలును. గొడ్డలికామకు కర్ర ఎంచువాడు బ్యాటును కూడ ఎంచగలడు.

మన తుమ్మతోనే బ్యాటు చేయించరాదా యని కొందరు అడుగవచ్చును. తుమ్మ దృఢమైనదే, నాగళ్లకును బండ్లకును పేరుపడినది. కాని యాష్ కంటె బరువు. పెద్దవారు అభ్యాసమునకు వాడవచ్చును గాని పిల్లల మణికట్లకు తగదు.

ఇచ్చట లోహపుదానికి న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. పదేండ్ల బాలుడు త్రిప్పగల బ్యాటు కొయ్యతో దొరకుట కష్టము. 30 అంగుళముల అల్యూమినియము బ్యాటు 570 గ్రాములకు లోబడి యుండవచ్చును. అదే పొడుగు కొయ్యది చాల బరువగును. బరువైన బ్యాటుతో నేర్చిన బాలునికి చేతివాటము చెడును, ఆటయందు విసుగు పుట్టును. కావున నేర్చుకొను చిన్నపిల్లలకు మెత్తని అభ్యాసపు బంతితో తేలిక లోహపు బ్యాటు ఈయుటయే మేలని నా యభిప్రాయము. గట్టి బంతితో ఆడు పెద్ద పిల్లలకు కొయ్యది గాని, 0.50 ముద్ర గల లోహపుది గాని యుండవలెను. ముద్ర లేనిదానిని ఎంత చౌకయైనను కొనరాదు. అమెరికాలో స్థిరపడిన మన ఊరివారు సెలవులకు వచ్చినప్పుడు ప్రేమతో తెచ్చి ఇచ్చు బ్యాట్లకును ఈ మాట వర్తించును. పాతవాటికి ఈ ముద్ర ఉండదు. దాతను నొప్పింపనక్కరలేదు, అట్టిదానిని మెత్తని బంతికే వాడుకొనవచ్చును. సాఫ్ట్‌బాల్ బ్యాటును బేస్‌బాల్‌కు వాడరాదు. దాని పలుచని గోడ గట్టి బంతికి సొట్టబడును.

నేల సంగతి మరచిన సభ్యులు తరువాత తగవులు తీర్చవలసివచ్చును. ఒక ఎకరము చతురస్రమైనచో దాని భుజము 209 అడుగులకు మించదు. పెద్దవారు కొట్టిన బేస్‌బాల్ 400 అడుగులు పోవుట అరుదు కాదు. తెలంగాణలో 2022 నుండి పల్లెలలో ఏర్పడిన క్రీడాప్రాంగణములు ఖోఖో, వాలీబాల్ వంటి ఆటలకు చాలును గాని ఈ ఆటకు చాలవు. అట్టిచోట గట్టి బంతి కొట్టినచో అది బాటపైకో, ఎవరి కిటికీమీదికో పోవును. బ్యాటు ఎట్టిదైనను చిన్న స్థలమున మెత్తని బంతియే వాడవలెను. బ్యాటు పట్టినవాని వెనుక వల కట్టించి, తలకు హెల్మెట్ లేనిదే ఎవరిని బంతికి ఎదురుగా నిలుపరాదని తీర్మానము వ్రాయుట మంచిది. బ్యాటునకు కేటాయించిన సొమ్ము వలకును హెల్మెట్లకును చాలనప్పుడు, బ్యాట్ల సంఖ్యను తగ్గించుకొనవలెను.

కొన్న పిమ్మట భద్రపరచుట మిగిలియున్నది. కొయ్య బ్యాటును నేలపై పెట్టినచో చెదలు పట్టును. వానలో విడిచినచో నీరు పీల్చి బరువెక్కును. గోడకు మేకు కొట్టి వ్రేలాడదీయవలెను. లోహపుదానికి చెద భయము లేదు గాని, వేసవి ఎండలో పడియున్నచో పట్టిన చేయి కాలును. ప్రతి ఆటకు ముందు దానిని వ్రేలితో తట్టి చూడవలెను. గణగణమను ధ్వని మారి మ్రోగనిచో ఎచ్చటనో పగులున్నదని గ్రహింపవలెను. చివరి మూత కదలుచున్నచో ఆడించుచుండగా అది ఊడి ఎగురవచ్చును. పగిలిన బ్యాటునకు మేకులు కొట్టి, పట్టీ చుట్టి మరల పిల్లలకిచ్చుట పలుచోట్ల కనబడు అలవాటు. దానిని మానిపింపవలెను. సామగ్రి పుస్తకమున తేదీతో కొట్టివేసి, లోహపుదానిని తుక్కునకు అమ్మవచ్చును. కొయ్యదైనచో పిడివైపు ముక్కను నునుపుచేసి చిర్రగోనెకు ఈయవచ్చును.