ఆటలో నాణెముల లెక్క

1957 ఏప్రిల్ 1వ తేదీతో రూపాయికి పదునారణాల లెక్క పోయి నూరు పైసల లెక్క వచ్చినది. 2011 జూన్ 30 నుండి పావలాయును చెల్లకపోయినది. నేడు బిడ్డ చేతికి వచ్చునవి ఎక్కువగా రూపాయి, రెండు, ఐదు, పది రూపాయల బిళ్ళలే. ఇది సులభమని పెద్దలనుకొందురు.

ఒకవైపు ఐదు రూపాయల బిళ్ళ, మరొకవైపు మూడు రూపాయి బిళ్ళలు ఉంచి, ఏది ఎక్కువని ఐదేండ్ల బిడ్డనడుగుడు. తరచుగా మూడు బిళ్ళల వైపే చేయి చాచును. అది మందబుద్ధి కాదు. బిళ్ళలను లెక్కించినాడు, విలువను లెక్కింపలేదు. పైగా 2011 నాటి నమూనాలో రెండు రూపాయల బిళ్ళ వెడల్పు 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయలది 23 మాత్రమే! అంగడిలో ఇట్టి బిడ్డ మోసపోవుటలో వింతయేమి?

అంగన్‌వాడీ ముంగిట పిల్లలను గుండ్రముగా నిలిపి, మెడలలో 1, 2, 5 అని వ్రాసిన అట్టముక్కలు వేయవలెను. టీచరు ‘ఏడు రూపాయలు’ అనగానే వారు పరుగెత్తి, చేతులు పట్టుకొని ఏడు కావలెను. ఐదును రెండును కలిసినను ఏడే. ఐదుతో రెండు ఒకట్లు కలిసినను ఏడే. పిమ్మట ‘5’ బిడ్డ ఐదు గంతులు, ‘2’ బిడ్డ రెండు గంతులు వేయుచుండగా తక్కినవారు బిగ్గరగా లెక్కింపవలెను. ఈ గంతులే ఆటకు ప్రాణము. వీనిని మానినచో అట్టముక్కయు మరల ఒక బిళ్ళయే యగును. మొదట పదికి మించిన మొత్తము చెప్పరాదు. జట్టు దొరకని బిడ్డను ‘ఓడితివి’ అని వెలుపలికి పంపక, తరువాతి మొత్తమును వానిచేతనే చెప్పింపవలెను.

నిజమైన నాణెములను పెద్దల కనుసన్నలలోనే ఇయ్యవలెను. పసివారు నోట వేసికొందురు.

సభ్యులకొక పని కలదు. కొన్ని యంగళ్ళలో పది రూపాయల బిళ్ళను తీసికొనరు. అన్ని నమూనాలును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టము చేసినది. ఆ సంగతి మీ యూరి యంగడివారికి తెలుపుడు.