వరద గంట
(విద్యుచ్ఛాస్త్ర విద్యార్థి తన చేతులతో చేయఁదగిన యొక నమూనా)

విద్యుచ్ఛాస్త్రమును పుస్తకమునుండి నేర్చుట యొకటి. తీగ కొన గీకి, ముడివైచి, గంట మ్రోగకున్న నేల మ్రోగలేదని వెదకి నేర్చుట మఱియొకటి. మొదటిదానిచే పరీక్షలో నెగ్గవచ్చును. రెండవది లేక వస్తువు పనిచేయదు. ఇంజనీరింగు విద్యార్థులచే స్వయముగా నమూనాలను చేయించుట యీ రెంటిని కలుపుటకే. మనకు సమీపమున కాకినాడలోనున్న ఇంజనీరింగు కళాశాల 1946లో విశాఖపట్టణమున నారంభమై, పిదప కాకినాడకు మార్పఁబడి, నేడు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయముగా నున్నది. అట్టి విద్యకుఁ బోఁగోరు మన బాలబాలికలకొఱకు, మన యూరికిఁ దగిన యొక నమూనాను గూర్చి వ్రాయుచున్నాను.

కాటను దొరగారి పర్యవేక్షణమున 1847లో నారంభమై 1852లో ముగిసిన ఆనకట్టయు, దాని స్థానమునఁ దరువాత వెలసిన బారేజియు మన మెఱిఁగినవే. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకుఁ జేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు వెలువడును. 1986 ఆగస్టునందు సెకనుకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పాఱి, లంకలు మునిఁగినవి. అట్టి రాత్రి నిద్రించు కుటుంబమునకు హెచ్చరిక వేళకు వినఁబడుటయే ప్రాణరక్షణము.

విద్యార్థి పని యిది: నీరు గుర్తునకుఁ జేరఁగానే 300 మీటరుల దూరముననున్న యింట గంట మ్రోగవలయును. దీనిని నీళ్లతొట్టెలోఁ బరీక్షింపవచ్చును. ఇది నమూనాయే గాని అధికారుల హెచ్చరికకు బదులు కాదు. నీటిదగ్గఱి పని గావున బ్యాటరీనే వాడవలయును. ఇంటి కరెంటు నెన్నఁడును తాఁకరాదు.

మొదట తోఁచు ఉపాయము సులభము. తేలుబెండు పైకిలేచి స్విచ్చిని మూయును. 6 వోల్టుల బ్యాటరీనుండి విద్యుత్తు తీగవెంట పోయి గంటను మ్రోగించును. కాని లెక్కవేసి చూడుఁడు. గంట నిరోధము 12 ఓములైనచో దానికి అర ఆంపియరు కావలయును. పోవుటకును వచ్చుటకును కలిపి తీగ 600 మీటరులు. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగ యంత పొడవున సుమారు 10 ఓముల నిరోధము చూపును. మొత్తము 22 ఓములు గావున 0.27 ఆంపియరే ప్రవహించును. బల్లమీఁద ఖంగున మ్రోగిన గంట దూరమున మూల్గును, లేదా మ్రోగనే మ్రోగదు.

దీనికి మందు రిలే. అది సన్నని తీగచుట్టగల విద్యుదయస్కాంతము. చుట్ట నిరోధము 600 ఓములైనచో తీగలోని 10 ఓములు లెక్కకు రావు. ఆంపియరులో నూఱవవంతు చాలును. రిలే ఇంటివద్ద నుండి, అక్కడి వేఱు బ్యాటరీతో గంటను మ్రోగించును.

ఇంతటితో పని ముగిసినదా? లేదు. గాలివానలో తీగ తెగినచో నేమగును? నీరు గుర్తు దాఁటినను గంట మౌనముగా నుండును. ఇంటివారు ‘గంట మ్రోగలేదు, భయము లేదు’ అని నిద్రింతురు. చెడిపోయిన హెచ్చరిక హెచ్చరిక లేమికంటెను కీడు.

గావున విద్యార్థి తన రూపకల్పనను తలక్రిందు చేయవలయును. మామూలు వేళ స్విచ్చి మూయఁబడియే యుండి విద్యుత్తు ఎడతెగక ప్రవహించుచు రిలేను పట్టియుంచవలయును. నీరు గుర్తునకు రాఁగానే స్విచ్చి తెఱచుకొనును, రిలే విడిచిపెట్టును, గంట మ్రోగును. ఇప్పుడు తీగ తెగినను గంట మ్రోగును. తీగకుఁ బెట్టిన బ్యాటరీని నీటివైపునే, వరదకందని యెత్తున, చిన్న ఫ్యూజుతో నుంచినచో, రెండు తీగలు ఒరసికొన్నను రిలేకు విద్యుత్తు తప్పి గంట మ్రోగును. ఆ బ్యాటరీ నీరసించినను మ్రోగును. అమెరికా దేశస్థుఁడైన విలియం రాబిన్సను 1872లో రైలు పట్టాలకుఁ గనిపెట్టిన సంకేత పద్ధతికిని మూలసూత్ర మిదియే.

అయితే యీ మేలునకు వెల కలదు. 4 ఆంపియరు-గంటల బ్యాటరీ 400 గంటలు, అనఁగా సుమారు పదునాఱు దినములు మాత్రమే వచ్చును. అలలకు బెండు ఊఁగి గంట ఊరక మ్రోగకుండ, దానిని అడుగున సన్నని రంధ్రముగల నిలువు గొట్టములో నుంచవలయును; అల లోనికి రాదు, మట్టము మాత్రము వచ్చును.

ఇంకొక లోపము మిగిలియున్నది. గంటకుఁ బెట్టిన బ్యాటరీయే నీరసించినచో? దీనిని ఏ రిలేయు చెప్పదు. వారమున కొకమాఱు తీగను విప్పి గంట మ్రోగునో లేదో చూచి, దినమును ఫలితమును పుస్తకమున వ్రాయవలయును. పదిమంది కన్యకల ఉపమానము మన మెఱుఁగుదుము. దివిటీ లందఱికిని కలవు. నూనె సిద్ధముగా నుంచుకొన్నవారు కొందఱే. యంత్రమునకు బుద్ధి లేదు. దానిని కనిపెట్టియుండు బుద్ధి మనుష్యునిదే.

విద్యార్థులారా! సెలవులలో ఒక తొట్టె, ఒక బెండు, ఒక రిలే సంపాదించి దీనిని చేయుఁడు. చేసిన పిదప మీ తమ్ముని పిలిచి, మీకుఁ దెలియకుండ ఒక తీగను త్రెంపుమనుఁడు. అప్పుడు గంట మ్రోగినచో మీ పాఠము మీకు వచ్చినట్లే.