వెదురు కర్ర నీడ, రాకెట్టు వేగం

శ్రీహరికోటలో రాకెట్టు లేచే రోజున మన తీరంలో మేడ ఎక్కనివాడు అరుదు. నెల్లూరులో సైతం జనం దక్షిణం కేసి తిరిగి నిలబడతారు. వెలుగు కనిపించగానే చప్పట్లు కొట్టి దిగిపోతారు. మరునాడు పదో తరగతి లెక్కల పీరియడులో నల్లబల్ల మీద కొసైన్ తీటా ప్రత్యక్షమవుతుంది. ఆ కొసైనుకూ నిన్నటి రాకెట్టుకూ చుట్టరికం వుందని చెప్పేవారు తక్కువ. చెప్పవలసిన బాధ్యత హైస్కూలు మాస్టారి ఒక్కరిదే కాదు, కాలేజీలదీ, విశ్వవిద్యాలయాలదీ కూడానని నా అభిప్రాయం.

ముందు పాఠం చూద్దాం. మార్చి 21న గాని, సెప్టెంబరు 23న గాని సూర్యుడు భూమధ్యరేఖకు నడినెత్తిన వుంటాడు. ఆనాడు మీటరు పొడుగు వెదురు కర్రను నిట్టనిలువుగా పాతి మధ్యాహ్నపు నీడ కొలిస్తే, నీడను కర్ర పొడుగుతో భాగించగా వచ్చేది ఆ వూరి అక్షాంశపు టాంజెంటు. సూళ్లూరుపేట (2022 విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది గాని, మనకు ఇరుగుపొరుగే) అక్షాంశం 13.7 డిగ్రీలు. అక్కడ నీడ 24.4 సెంటీమీటర్లు. కావలిలో 14.9 డిగ్రీలు, నీడ 26.6. తేడా 1.2 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల వంతున, కావలి సుమారు 133 కిలోమీటర్లు ఉత్తరంగా వున్నట్టు లెక్క తేలుతుంది. రైలెక్కకుండా, టేపు పరవకుండా!

మధ్యాహ్నమంటే గడియారంలో పన్నెండు కాదు సుమా. మన ప్రామాణిక కాలం 82½ డిగ్రీల రేఖాంశానిది, నెల్లూరు 80 డిగ్రీల మీద వుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 10 నిమిషాల ఆలస్యం. మార్చి 21న సూర్యుడు సగటు కాలానికి మరో ఏడు నిమిషాలు వెనకబడి వుంటాడు. కాబట్టి నీడ అతి పొట్టిగా వుండేది 12 గంటల 17 నిమిషాల వేళ. ఇది పిల్లలకు ముందే చెప్పరాదు. పన్నెండు నుంచి గుర్తులు పెట్టించి, వాళ్లనే కనుక్కోనివ్వాలి.

ఇక్కడే తగాదా మొదలవుతుంది. అయిదుగురు గుర్తు పెడితే అయిదు చోట్ల పెడతారు. ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుచేత నీడ అంచు దాదాపు సెంటీమీటరు మేర మసకగా వుంటుంది. రెండు వూళ్ల నీడలకూ తేడాయే 2.2 సెంటీమీటర్లయితే ఈ మసక చిన్న సంగతా? కర్ర పొడుగు పెంచినా లాభం లేదు, మసకా పెరుగుతుంది. రెండు బళ్లవాళ్లూ మసక నడిమినే గుర్తు పెడితే మాత్రం తప్పు తప్పుకు చెల్లిపోతుంది. మార్కుల కోసం చేసే ప్రాక్టికల్సులో ఈ తగాదా రాదు, జవాబు ముందే తెలుసును గదా!

ఇక రాకెట్టు. భూమధ్యరేఖ వద్ద నేల సెకనుకు 465 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్నది. దాన్ని 13.7 డిగ్రీల కొసైనుతో గుణిస్తే 452. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఈ వేగం వుచితం. దిగువ కక్ష్యకు కావలసింది సెకనుకు 7.8 కిలోమీటర్లు. 1969లో శ్రీహరికోటను ఎంచుకోవడానికి ఇదొక కారణం, తూర్పున సముద్రం వుండడం మరొకటి. 1971 అక్టోబరు 9న అక్కడ తొలి పరిశోధక రాకెట్టు లేచింది. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 విఫలమై, 1980 జులై 18న 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది.

"అయితే సార్, ధ్రువాల మీదుగా పోయే పీఎస్సెల్వీకి ఈ లాభం వుందా?" అని ఎవరైనా అడిగితే పాఠం పండినట్లే. లేదు. పైగా దక్షిణాన శ్రీలంక అడ్డు, చుట్టి పోవాలి, దానికి ఇంధనం ఖర్చు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడులోని కులశేఖరపట్నం వద్ద మరో కేంద్రానికి శంకుస్థాపన చేసింది అందుకే.

ఇస్రో వారు 2019లో తొమ్మిదో తరగతి వారికి 'యువికా' అనే వేసవి కార్యక్రమం ప్రారంభించారు. 2023 నుంచి శ్రీహరికోటలోనూ జరిపారు. గ్రామీణ బడుల వారికి ఎంపికలో మొగ్గు కూడా ఇచ్చారు. మెచ్చుకోదగినదే. కాని 2024లో దేశమంతటా లక్ష మందికి పైగా పేర్లిస్తే తీసుకున్నది మూడున్నర వందల మందిని. తక్కిన వారి మాట? మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 గ్రామీణ బడులతో ఒక సైన్సు కార్యక్రమం మొదలయితే, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు వెళ్లి పల్లెటూరి ఉపాధ్యాయులతో కూర్చుని ప్రయోగాలు తయారు చేశారు. 2002లో ప్రభుత్వం ఆపించేనాటికి అది వందలాది బడులకు పాకింది. అక్కడ ఎంపిక పరీక్ష లేదు, తరగతిలో వున్నవాళ్లంతా విద్యార్థులే.

2008 నుంచి నెల్లూరుకు సొంత విశ్వవిద్యాలయం, విక్రమ సింహపురి, వుంది. మూడు బళ్లు చాలు: కావలిలో ఒకటి, నెల్లూరులో ఒకటి, సూళ్లూరుపేటలో ఒకటి. బడికి నలుగురు బి.ఎస్సీ. విద్యార్థులు, ఒక లెక్చరరు, వెదురు కర్ర, వడంబం, టేపు. మార్చి పరీక్షల కాలం, కనుక సెప్టెంబరు మేలు. మబ్బు పడితే? ఆ తేదీకి మూడు రోజులు ముందూ వెనుకా కూడా కొలవవచ్చు, రోజుకు 0.4 డిగ్రీ చొప్పున సవరించుకుంటే సరి. ఆ సవరణ పట్టిక తయారు చేయడం మాత్రం మన ఫైనలియరు వారి వంతు.