తండ్రి నడచిన నేల

యుద్ధం నుండి ఇల్లు చేరిన తండ్రులు తాము చూచినదంతా బిడ్డలకు చెప్పరు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం రెండు ప్రపంచయుద్ధాలకూ సైనికులను పంపి ‘మిలిటరీ మాధవరం’గా పేరొందింది. అటువంటి ఊరి నుండి ఒక కుమారుడు, తన తండ్రి పోరాడిన నాగాలాండులోని కోహిమాకు వెళ్ళాడనుకొందాం. 1944 ఏప్రిల్ నుండి జూన్ వరకు అక్కడ బ్రిటిష్, భారత సేనలు జపాను సేనను ఎదిరించి నిలిచాయి. ఒక దశలో ఇరుపక్షాల నడుమ ఎడం ఒక టెన్నిస్ ఆటస్థలం మాత్రమే. దాని హద్దుగీతలు నేటికీ అక్కడి యుద్ధ శ్మశానవాటికలో కనిపిస్తాయి. దహన సంస్కారం పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు అక్కడొక స్మారకం ఉంది. అందులో తండ్రి పేరు ఉండదు. ఆయన ప్రాణాలతో తిరిగివచ్చాడు. తోడుగా నిలిచినవారి పేర్లు ఉండవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా చదివినప్పుడు, తండ్రి ఎందుకు మౌనం వహించాడో ఆ కుమారునికి బోధపడుతుంది.