చిన్న టేబుల్ నుంచి పెద్ద టేబుల్‌కి వెళ్తే ఎదుటివాడు ఎంత మారతాడు? ఆన్‌లైన్ పోకర్‌లో నేను తప్పిన లెక్క

ఈ సైట్‌లో నేను ఎక్కువగా ఫోన్ల గురించే రాస్తుంటాను. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, రాత్రిపూట ఫోటోలు ఎలా వస్తున్నాయి, ఇలాంటివి. ఈసారి ఫోన్ గురించి కాదు, ఫోన్‌లో నడిచిన ఒక ఆట గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, ఆ ఆటలో ఒక ఫ్రెండ్‌కి నేను చేసిచ్చిన తప్పు లెక్క గురించి.

ముందే ఒక మాట. ఏపీలో 2020 సెప్టెంబర్ నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధం. తెలంగాణలో అయితే 2017 నుంచే. 2025 ఆగస్టులో పార్లమెంటు పాస్ చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. కాబట్టి ఏ యాప్ బాగుంటుంది అని ఇక్కడ వెతక్కండి, ఒక్క పేరు కూడా ఉండదు. కానీ మా అనకాపల్లిలో టీ కొట్టు దగ్గర నిలబడితే ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "వీపీఎన్ వేస్తే నడుస్తాది రా". రెండోది, "చిన్న టేబుల్‌లో గెలుస్తన్నాను, పెద్దదానికి ఎళ్తే ఇంకెంత వస్తాదో". మొదటిదానికి చట్టం ఉంది. రెండోదానికి లెక్క ఉంది, అదే ఇప్పుడు చూద్దాం.

అసలు ఏం జరిగింది

2023లో నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. రూమ్‌మేట్‌ది కశింకోట, బీటెక్ నుంచి కలిసే ఉన్నాం. కర్ణాటకలో అప్పుడు నిషేధం లేదు. వాడు ఆఫీస్ క్యాబ్‌లో వెళ్తూ వస్తూ ఫోన్‌లో పోకర్ ఆడేవాడు, 1/2 టేబుల్‌లో. అంటే ఒకరు రూపాయి, పక్కవాళ్ళు రెండు రూపాయలు తప్పనిసరిగా పెడితే ఆట మొదలవుతుంది. ఆ రెండు రూపాయలనే బిగ్ బ్లైండ్ అంటారు. పోకర్‌లో లాభనష్టాలు రూపాయల్లో కాకుండా ఈ బిగ్ బ్లైండ్లలో కొలుస్తారు, అప్పుడే చిన్న టేబుల్‌నీ పెద్ద టేబుల్‌నీ పోల్చడం కుదురుతుంది. మామూలుగా 100 బిగ్ బ్లైండ్లతో కూర్చుంటారు. 1/2లో అది 200 రూపాయలు, 5/10లో 1,000, 25/50లో 5,000.

ఆడిన ప్రతి హ్యాండ్ రికార్డు ఫైల్ వాడికి మెయిల్‌లో వచ్చేది. ఒక ఆదివారం నేను పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి అవన్నీ అందులో వేశాను. 12,000 హ్యాండ్లకి 960 బిగ్ బ్లైండ్ల లాభం తేలింది. అంటే ప్రతి 100 హ్యాండ్లకి 8 చొప్పున. రూపాయల్లో 1,920. గ్రాఫ్ కూడా గీసి ఇచ్చాను, చక్కగా పైకి ఎక్కుతోంది.

"మామా, ఇదే రేటు 25/50లో వస్తే?" అన్నాడు.

"వంద హ్యాండ్లకి 400 రూపాయలు" అన్నాను. స్క్రీన్ మీద గుణకారం చేసి చూపించాను కూడా. నేను చేసిన తప్పు ఆ గుణకారమే.

5/10లో 8,000 హ్యాండ్లు ఆడాడు, లాభం లేదు, నష్టం లేదు. "రేక్ తినేస్తోంది, పైకి వెళ్తే తగ్గుతుంది" అని 25/50కి ఎక్కాడు. అక్కడ 6,000 హ్యాండ్లలో 70,000 రూపాయలు పోయాయి. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బు అందులో ఉంది. ఫీజు గడువుకి ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి సర్దాం. ఇదంతా వాడి పర్మిషన్‌తోనే రాస్తున్నాను.

ఎవరూ కొత్త మాయలు నేర్చుకోలేదు

తర్వాత అవే ఫైల్స్ మళ్ళీ తెరిచాను. ఈసారి వాడి లాభం పక్కనపెట్టి, ఎదుటివాళ్ళు ఏం చేశారో చూశాను. మొదట చూడాల్సింది, ఎవరు ఎన్ని హ్యాండ్లలో తమంతట తాము డబ్బు పెడుతున్నారు అనేది. 1/2లో సగటున నూటికి 45. 5/10లో 30. 25/50లో 23. ఒక్కడి రికార్డులే కాబట్టి ఈ అంకెల్ని ఎక్కడైనా ఇంతే అనుకోకండి, కానీ ఎటు పోతున్నాయో మాత్రం స్పష్టం.

సగటు కంటే విడివిడిగా చూస్తే అసలు విషయం తెలిసింది. 1/2 టేబుల్‌లో కూడా నూటికి 22, 23 మాత్రమే ఆడే జాగ్రత్తపరులు ఉన్నారు. ఆరుగురిలో ఇద్దరు. మిగతా వాళ్ళు టైంపాస్‌కి వచ్చినవాళ్ళు, ఏ ముక్కలొచ్చినా చూద్దాం అనుకునేవాళ్ళు. పైకి వెళ్ళేకొద్దీ జాగ్రత్తపరులు మేధావులైపోలేదు, టైంపాస్ వాళ్ళు కనిపించడం మానేశారు. వాడి లాభం మొత్తం వాళ్ళ దగ్గర నుంచి వచ్చిందే. వాళ్ళు లేని చోట ఆ 8 ఎక్కడి నుంచి వస్తుంది? బెల్లం మార్కెట్‌లో చిల్లరగా కొనేవాళ్ళ దగ్గర బేరం గెలిచినవాడు, దిమ్మ చూసి రంగు, గట్టిదనం చెప్పేసే హోల్‌సేల్ వర్తకుడి దగ్గర కూడా అదే లాభం వస్తుందని గుణించుకున్నట్టు.

బ్లఫ్ లెక్క చూడండి. పాట్‌లో 100 ఉంది, చేతిలో ఏమీ లేదు, 50 పెట్టి బెదిరించారు. ఎదుటివాడు ఫోల్డ్ చేస్తే 100 మీది, కాల్ చేస్తే 50 పోయింది. మూడుసార్లలో ఒకసారి ఫోల్డ్ చేసినా మీకు నష్టం లేదు. 1/2లో చాలామంది నూటికి 75 సార్లు కాల్ చేస్తున్నారనుకుందాం. 25 సార్లు 100 వస్తుంది, 75 సార్లు 50 పోతుంది, ఒక్కో బ్లఫ్‌కి సగటున 12.50 నష్టం. మా వాడు ఈ లెక్క తెలియకుండానే అనుభవంతో సరైన ఆట ఆడాడు. బ్లఫ్ చేయడు, మంచి ముక్కలు వస్తే పెద్దగా పెడతాడు, వాళ్ళు కాల్ చేస్తారు, డబ్బు వస్తుంది.

అదే ఆట 25/50లో ఆడితే? బ్లఫ్ చేయనివాడు పెద్దగా పెట్టాడంటే ముక్కలు ఉన్నాయనే అర్థం. వాళ్ళది కనిపెట్టేశారు. మంచి ముక్కలు వచ్చినప్పుడు అందరూ ఫోల్డ్, చిన్న పాట్ చేతికొస్తుంది. ఎవరైనా కాల్ చేశారంటే వాళ్ళవి వీడికంటే మంచి ముక్కలు. గెలిచినప్పుడు చిన్నవి, ఓడినప్పుడు పెద్దవి. ముక్కలు అవే, ఆట అదే, కాల్ చేసేవాడు మారాడు. ఫైల్స్‌లో నాకు బాగా బాధ అనిపించిన భాగం ఇదే. ఎందుకంటే ఏ ఒక్క హ్యాండ్ చూసినా వాడు పిచ్చిగా ఆడినట్టు అనిపించదు.

వాడు చెప్పిన రేక్ వాదన మాత్రం పూర్తిగా తప్పు కాదు. యాప్ ప్రతి పాట్‌లోంచి కొంత కోసుకుంటుంది, దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఉదాహరణకు 5 శాతం, గరిష్ఠం 30 రూపాయలు అనుకుంటే, 40 బిగ్ బ్లైండ్ల పాట్‌కి 1/2లో 4 రూపాయలు, అంటే 2 బ్లైండ్లు. 25/50లో అంతే పాట్ 2,000 రూపాయలు, కోత 30, అంటే బ్లైండ్‌లో సగం పైచిల్లర. నిజంగానే తగ్గుతుంది. కానీ ఆ తగ్గింపు మంచి ఆటగాళ్ళకి కూడా తెలుసు, అందుకే వాళ్ళు అక్కడ ఉన్నారు.

12,000 హ్యాండ్లు చాలవా?

చాలవు. ఇంజనీర్‌గా నేను సిగ్గుపడేది ఇక్కడ. సగటు తీశాను, దాని పక్కన ఉండాల్సిన పొరపాటు హద్దు తీయలేదు. ఆరుగురు ఆడే నో లిమిట్ పోకర్‌లో 100 హ్యాండ్లకి ఊగిసలాట, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు 90 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. 12,000 అంటే 120 వందలు. 90ని 120 వర్గమూలంతో భాగిస్తే 8.2. అంటే వాడి అసలు రేటు 8 కాదు, మైనస్ 8 నుంచి ప్లస్ 24 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నేను గీసిచ్చిన అందమైన గ్రాఫ్‌కి ఉన్న విలువ అంత. లక్ష హ్యాండ్లు ఆడినా ఆ 8.2 కాస్తా 2.8 అవుతుంది, సున్నా అవ్వదు.

న్యాయంగా 25/50 నష్టానికి కూడా ఇదే కొలత వేయాలి. వందకి మైనస్ 23, హద్దు రెండువైపులా 23. కాబట్టి దురదృష్టం కూడా కొంత ఉండే ఉంటుంది. మొత్తం అదే అనుకోవడానికి మాత్రం చోటు చాలా తక్కువ.

పోలికకి ఒకటి చెప్తాను, గ్యాడ్జెట్ వాళ్ళకి నచ్చుతుంది. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ కలిసి ప్లూరిబస్ అనే పోకర్ ప్రోగ్రామ్ చేశాయి. 64 కోర్ల సర్వర్ మీద 8 రోజుల శిక్షణ, 512 జీబీ కంటే తక్కువ ర్యామ్, జీపీయూ అసలు లేదు. ఒక టేబుల్‌లో ఐదుగురు ప్రొఫెషనల్స్‌తో 10,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. రేటు ఎంత? వందకి సుమారు 5 బిగ్ బ్లైండ్లు. ఆ 10,000 హ్యాండ్లతోనే తేల్చడానికి, అదృష్టం పాలు తగ్గించే ప్రత్యేకమైన గణిత పద్ధతి వాడాల్సి వచ్చింది. ప్రపంచంలో మేటి యంత్రానికి మంచి ఆటగాళ్ళ మధ్య 5 వస్తే, క్యాబ్‌లో ఫోన్ పట్టుకున్నవాడికి 8 వచ్చిందంటే అది ఎదుటివాళ్ళ గురించి చెప్తోంది, వీడి గురించి కాదు. ఆ ఆదివారం నాకు ఈ ఆలోచన రాలేదు.

వాడు మాత్రం "సుప్రీంకోర్టే స్కిల్ గేమ్ అంది కదా" అనేవాడు. కోర్టు అన్నది 1968లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో, అదీ రమ్మీ గురించి. పోకర్ మాటే ఆ తీర్పులో రాలేదు. పోనీ పోకర్‌లోనూ స్కిల్ ఉందనే అనుకుందాం, నేనూ ఉందనే అంటాను. స్కిల్ ఉన్న ఆటలో స్కిల్ ఎక్కువ ఉన్నవాడు గెలుస్తాడు. టేబుల్‌లో అది ఎవరన్నది వేరే ప్రశ్న.

వెయిటింగ్ లిస్ట్

పెద్ద టేబుళ్ళు తక్కువ ఉంటాయి, రోజూ అవే ఐడీలు. చాలామంది కంప్యూటర్‌లో రెండు మూడు టేబుళ్ళు తెరుచుకుని, ఖాళీ టైంలో సాల్వర్ సాఫ్ట్‌వేర్‌తో చదువుకుని వచ్చేవాళ్ళు. వీడేమో ఆరున్నర అంగుళాల స్క్రీన్ మీద సిగ్నల్ పోకుండా చూసుకుంటూ.

ఒకరోజు వాడు నవ్వుతూ చూపించాడు, "నేను కూర్చోగానే ఆ టేబుల్‌కి వెయిటింగ్ లిస్ట్ పడుతోంది మామా, చూశావా". నేను కూడా నవ్వాను. లేచాక టేబుల్ ఖాళీ అయిపోయేదని తర్వాత ఫైల్స్‌లో టైములు చూస్తే తెలిసింది. అంత క్యూ ఎవరికోసం కట్టారో అప్పుడు అర్థమైంది.

చెస్‌లో అయితే ఇలా జరగదు. లీచెస్‌లో కొత్త అకౌంట్ తెరిస్తే 1500 దగ్గర మొదలవుతుంది, నాలుగు ఆటలు ఓడగానే కిందకి దింపి మీ స్థాయివాళ్ళతోనే కలుపుతుంది. రేటింగ్‌లో 400 తేడా ఉంటే పైవాడికి 100 ఆటలకి 91 పాయింట్లు వస్తాయని ఎలో లెక్క. ఓడినవాడికి సాయంత్రానికల్లా తన స్థాయి తెలిసిపోతుంది. డబ్బు పోకర్‌లో మిమ్మల్ని కిందకి దింపే రేటింగ్ లేదు, జేబులో డబ్బు ఉంటే ఏ టేబుల్‌కైనా తలుపు తెరుస్తుంది. పైగా వారంలో రెండు రోజులు అదృష్టం గెలిపిస్తుంది కాబట్టి తేడా ఉందన్న సంగతే తెలీదు. నా లెక్కలో ఆటలోని అసలు ప్రమాదం ఇదే, ముక్కలు కాదు.

నిజంగా నేర్చుకోవాలని ఆసక్తి ఉంటే ఉత్తుత్తి చిప్స్‌తో ఆడి పాట్ లెక్కలు ప్రాక్టీస్ చేయొచ్చు, సంభావ్యత బాగా అర్థమవుతుంది. కానీ అక్కడ గెలిచి డబ్బు టేబుల్‌కి సిద్ధమయ్యాం అనుకోవద్దు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు ఎవరూ ఫోల్డ్ చేయరు, కాబట్టి ఎదుటివాళ్ళ ఆటలో అన్నిటికంటే పెద్ద మెట్టు ఉండేది ఆ రెండింటి మధ్యే.

ఆ స్క్రిప్ట్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఒక్క లైను మార్చాను. ఇప్పుడది పొరపాటు హద్దు ముందు ప్రింట్ చేస్తుంది, సగటు ఆ తర్వాత. మా వాడు పోకర్ మానేసి లీచెస్‌లో పడ్డాడు. మొన్న కొత్త అమావాస్యకి జాతర చూడ్డానికి ఇద్దరం ఊరొచ్చినప్పుడు 1,430 దగ్గర ఉన్నాడు, నాకంటే 60 ఎక్కువ. నా అప్పులో ఇంకా 4,000 ఇవ్వాలి.