ఉత్తరపు గరిటె

ఏప్రిలు, మే నెలలలో రాత్రి తొమ్మిది గంటలకు బుక్కపట్నం చెరువు కట్టమీద నిలిచి ఉత్తరముగా చూచినయెడల, బోర్లించిన గరిటెవలె ఏడు నక్షత్రములు మనకు కనబడును. యోబు గ్రంథము 38వ అధ్యాయమున మనము చదువు సప్తర్షి నక్షత్రములివే.

గరిటె అంచుననున్న పులహ, క్రతువులను కలుపు గీతను ఆ రెంటి నడిమి దూరమునకు అయిదు రెట్లు క్రిందికి సాగదీసిన, ధ్రువనక్షత్రము దొరకును. మన ప్రాంతము సుమారు 14 డిగ్రీల అక్షాంశమునందున్నది గనుక అదియు దిగంతమునకు అంతే యెత్తున, చాచిన చేతి పిడికిలికి ఒకటిన్నర రెట్లు పైన, నుండును. అది మిక్కిలి ప్రకాశించునని తలంచువారు వేరొక చుక్కను చూచి మోసపోవుదురు.

కాడ నడుమ వసిష్ఠుడు, ప్రక్కనే సన్నని అరుంధతి. పెండ్లిలో పగటివేళ చూపుదురు గాని, చీకటిలో చూచుటయే మేలు! నేడు మనము చూచు వారి వెలుగు బయలుదేరి సుమారు 80 ఏండ్లు.

అక్టోబరు, నవంబరు సాయంకాలములలో ఈ గరిటె దిగంతము క్రిందనుండును. చూడగోరువారు తెల్లవారుజామున లేవవలెను.